గ్రుడ్డు ప్రియమైన దినములు



కోడిగ్రుడ్ల ధరలనుగూర్చి ప్రసంగింప వచ్చిన నేను కోడిగ్రుడ్డు రుచి యెఱుఁగనివాఁడను. ఈ సంగతి ముందుగనే యొప్పుకొనుట మంచిది. మా యింట నది వండరు. "గ్రుడ్డు ధరతో మీకేమి పని?" అని నా భార్య నవ్వినది. సంస్కృతమున ద్విజశబ్దమునకు బ్రాహ్మణుఁడనియు, పక్షి యనియు, పన్ననియు మూఁడర్థములు కలవు. తల్లి గ్రుడ్డు పెట్టుట యొక జన్మము, ఆ గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడుట రెండవ జన్మము. కావున పక్షి ద్విజమైనది. ఆ లెక్కను కోడియు నేనును ఒక్క పేరు గలవారమే గదా యని యామెకు బదులు చెప్పితిని. ఇది పండితుల పరిహాసము. నిజమైన సంబంధము వేఱొకటి కలదు.

నేను ముప్పదియైదేండ్లు ప్రభుత్వ పాఠశాలలలో తెలుఁగు బోధించితిని. బడిపిల్లలకు వండిన యన్నమే పెట్టవలెనని సుప్రీముకోర్టు 2001 నవంబరులో ఉత్తరువు చేసినది. మన రాష్ట్రమున 2003లో మధ్యాహ్న భోజనము చిన్న తరగతులకు మొదలై, కొన్ని యేండ్లకుఁ బెద్ద తరగతులకును వచ్చినది. గ్రుడ్డు పెట్టు దినమున హాజరుపట్టిక నిండుగా నుండెడిది. అట్టి యొక దినమున నాఱవ తరగతి పిల్లవాఁడొకఁడు తన గ్రుడ్డు తినక, చొక్కాజేబులో దాఁచుకొనుచుండఁగాఁ జూచితిని. పిలిచి యడిగితిని. "మా చెల్లికండి" అన్నాఁడు. చెల్లికి మూఁడేండ్లట, ఇంకను బడికి వచ్చు వయసు కాదు. ఇల్లు చేరిన పిమ్మట ఆ గ్రుడ్డు రెండు ముక్కలగునో, మూఁడగునో నేనడుగలేదు. గ్రుడ్డునకు వెల యెట్లు కట్టవలెనో ఆ దినమున నాకుఁ గొంత తెలిసినది.

మన భాషలో ప్రియమను మాటకు ఇష్టమైన దనియు, వెల హెచ్చిన దనియు రెండర్థము లున్నవి. "సరకు ప్రియమైనది" అని సంతలో ననుచుందురు. కలవారికి గ్రుడ్డు మీఁద రూపాయి పెరిగినను తెలియదు. వారమునకు రెండుమాఱులు తలకొక గ్రుడ్డు చొప్పునఁ బులుసు వండుకొను నయిదుగురి కుటుంబమునకు ఆ రూపాయి నెలకు నలుబది రూపాయలగును. నలుబది రూపాయలనఁగా నొకపూట కూరగాయలు. పప్పును నూనెయు నదే వేళఁ బెరిగినచో, ఇల్లాలు ముందుగా దేనిని మానును? గ్రుడ్డునే మానును. అన్నము మానుటకు వీలులేదు గదా.

ఇట్టి సంకటము ఒక యింటికిఁ గాక ఒక దేశమున కంతకును వచ్చినపుడు జనులేమి చేసిరి? ఇందులకు మిక్కిలి వివరముగా వ్రాసిపెట్టఁబడిన సమాధానము రెండవ ప్రపంచయుద్ధకాలపు బ్రిటన్ దేశమునఁ గలదు. ఔన్సులలోను చెంచాలలోను లెక్క కట్టిన చరిత్ర యది. కొంతసేపు మిమ్మచ్చటికిఁ గొనిపోయి, తరువాత మన గోదావరి తీరమునకు మఱలుదును.

1939 సెప్టెంబరులో యుద్ధము మొదలైనది. యుద్ధమునకు ముందు బ్రిటన్ దేశమునకు డెన్మార్కు, హాలెండు దేశములనుండి గ్రుడ్లు వచ్చుచుండెడివి. 1940 ఏప్రిలు, మే నెలలలో ఆ రెండు దేశములును జర్మనీ వశమైనవి. ఆ దారి మూసికొనిపోయినది. అయినను బ్రిటన్‌లో కోళ్లకుఁ గొదవలేదు. కొదవ కోళ్ల కడుపులకు వచ్చినది. ఆ కోళ్లు తిను గింజలో నధికభాగము ఓడలమీఁద వచ్చునది. అట్లాంటిక్ సముద్రమున జర్మనీ జలాంతర్గాములు ఓడలను ముంచుచుండెను. మిగిలిన ఓడలో గోదుమలు వేయవలెనా, తుపాకులు వేయవలెనా, కోడిమేఁత వేయవలెనా?

ఇచ్చట నొక లెక్క చెప్పవలెను. కోడి దినమునకు సుమారు నూఱుగ్రాములకుఁ బైగా గింజ తినును. గ్రుడ్డు పెట్టిన దినమునను తినును, పెట్టని దినమునను తినును. ఆ గింజనే మనుష్యుఁడు రొట్టె చేసికొని తినినచో ఎక్కువమంది కడుపులు నిండును. కోడి గింజను గ్రుడ్డుగా మార్చుటలోఁ జాలభాగమును తన యొడలికే ఖర్చు చేసికొనును. కావున గ్రుడ్డు వెలయనఁగా గింజవెలయే. పెంకులోపల నున్నది జొన్నయో, మొక్కజొన్నయో, గోదుమయో యని తెలిసికొన్న వారికి ధరలు పెరుగుటలోని రహస్యము సగము తెలిసినట్లే. బ్రిటన్ ప్రభుత్వమునకు నది తెలిసినది. 1941లో పశువుల మేఁతకుఁ గూడ వాటాలు కట్టి, పాడియావులకు ముందు, కోళ్లకు వెనుక యని నిర్ణయించినది. దేశమునఁ గోళ్లు తఱిగిపోయినవి.

ధర కట్టడి చేయుట యొకటే చాలదా యని మీరడుగవచ్చును. ధర కట్టినంతమాత్రమున గ్రుడ్డు బజారునకు రాదు. అది పెరటిదారి పట్టి, రహస్యముగా నెక్కువ యిచ్చువాని యిల్లు చేరును. ఇది ఏ దేశమునకైనను సహజమే. 1941 జూన్ నెలలో ప్రభుత్వము గ్రుడ్ల పంపకమును తానే చేతఁబట్టినది. మనిషికి వారమున కొక గ్రుడ్డు. అదియు లభించినపుడే, లభింపనిచో రెండువారముల కొకటి. గర్భవతులకును, పసివారికిని, రోగులకును ముందు వాటా, హెచ్చు వాటా. ఈ వరుసను మీరు మఱవకుండవలెను; చివర దీనితో నాకుఁ బనియున్నది.

ఇఁక నిండ్లలో జరిగిన సంగతి. 1942 నడుమ అమెరికానుండి యెండిన గ్రుడ్డుపొడి రాఁజొచ్చినది. గ్రుడ్డు సొనలో ముప్పాతికపాలు నీరే. నీటిని ఓడమీఁద మోయుట దండుగ యని యెంచి, అమెరికాలోనే గ్రుడ్లను పగులఁగొట్టి యెండఁబెట్టి, పొడిచేసి, మైనపుకాగితపు పొట్లములలోను రేకుడబ్బాలలోను పంపిరి. అయిదౌన్సుల పొట్లము పండ్రెండు గ్రుడ్లకు సమానము. దాని వెల మొదట 1 షిల్లింగు 9 పెన్నీలు. చెంచాఁడు పొడిలో రెండు చెంచాల నీరు కలిపినచో నొక గ్రుడ్డు. చెంచా మట్టముగా నుండవలెను, గోపురముగా నుండరాదు. ఈ భేదమును గమనింపక పొడి యెక్కువ వేసిన యిల్లాండ్రకు అట్టు తోలువలె సాగినది. మొదట జనులు దాని నేవగించుకొనిరి. పిండివంటలలో మాత్రము అది చక్కఁగా నమరినది.

రెండవ యుపాయము పాఁతది. గ్రుడ్డు పెంకునిండ కంటికిఁ గనఁబడని రంధ్రములు వేలకొలఁది కలవు. వానినుండి లోని నీరు బయటికిఁ బోవును, బయటి గాలియు సూక్ష్మక్రిములును లోనికిఁ జొచ్చును; గ్రుడ్డు చెడుటకు నిదియే కారణము. నీటిగాజనఁబడు సోడియం సిలికేటును నీటిలోఁ గలిపి, బకెట్టునఁ బోసి, క్రొత్త గ్రుడ్లను దానిలో ముంచియుంచినచో ఆ రంధ్రములు మూసికొనిపోవును. అంతకుముందు తరములవారు సున్నపుతేటతో నీ పనియే చేసిరి. పగలు దీర్ఘమైన వసంతమునఁ గోడి విరివిగాఁ బెట్టును. పగలు కుఱుచయైన శీతకాలమున మానును. వసంతపు గ్రుడ్డును శీతకాలమునకు దాఁచుకొనుటయే దీని ప్రయోజనము. మన యిండ్ల యావకాయజాడి వంటిదే ఆ బకెట్టు.

మూఁడవది పెరటికోడి. తమ గ్రుడ్డువాటాను విడిచిపెట్టిన కుటుంబమునకు బదులుగా నింత దాణా యిచ్చు నేర్పాటు చేసిరి. అది చాలదు. దానిలో ఉడికించిన బంగాళాదుంప తొక్కలు, వంటింట మిగిలిన రొట్టెముక్కలు, ఆకుకూరల కాడలు కలిపి పెట్టవలెను. తొక్కలిచ్చిన పొరుగింటికి నప్పుడప్పుడొక గ్రుడ్డు పోవును. నిజముగా నెన్నఁదగిన యుపాయమిదియే యని నా యభిప్రాయము. మనుష్యులు తినఁదగిన గింజను కోడికి వేసి గ్రుడ్డు తీయుట యొకటి. ఎవ్వరును తినని తొక్కను వేసి తీయుట వేఱొకటి. రెండవదానిలో నెవ్వరి నోటి కూడును పోవుట లేదు.

ఈ యుపాయముల నన్నిటిని ఇల్లాండ్రకు నేర్పినది రేడియో. 1940 జూన్‌నుండి బి.బి.సి. వారు ఉదయపు వార్తలు ముగియఁగనే, 8.15 గంటలకు, "కిచెన్ ఫ్రంట్" అను ప్రసంగములు మొదలుపెట్టిరి. వంటింటి రణరంగమని యర్థము. ఏ యంగడిలో నేది దొరకునో చూచి, దానితోనే యేమి వండవచ్చునో చెప్పుచుండిరి. గ్రుడ్డు లేకయే వినిగరును వంటసోడాయుఁ గలిపి కేకు పొంగించు విధము అప్పటి వంటలలో నొకటి. ఆహారమంత్రి యూల్టన్ ప్రభువు పేర కూరగాయలతోనే చేయు పిండివంట యొకటి ప్రసిద్ధికెక్కినది. ఆ యుద్ధకాలపు వంటలలో నేను నిరభ్యంతరముగా రుచిచూడఁదగినది అదియే కాఁబోలును.

యుద్ధము 1945లో ముగిసినది; అమెరికా అరువుపై సరకులిచ్చు నేర్పాటును ముగిసినది. 1946 ఫిబ్రవరిలో డాలర్లు లేవని గ్రుడ్డుపొడి నాపివేయుచున్నామని ప్రభుత్వము ప్రకటించినది. మొదట నా పొడి నేవగించుకొన్న యిల్లాండ్రే యిప్పుడు దానికొఱకు గోల పెట్టిరి. ప్రభుత్వము వెనుకకుఁ దగ్గినది. గ్రుడ్ల పంపకముపైఁ గట్టడి 1953 మార్చి 26వ తేదివఱకు నిలిచినది. పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ.

ఇంతవఱకుఁ జెప్పినది ప్రశంస. ఒక్కమాట చెప్పక దాఁటిపోవుట చరిత్రకు ద్రోహము. 1942 మార్చిలో రంగూన్ జపాను వశమై బర్మా బియ్యము మనకు రాకపోయినది. 1943లో వంగదేశమున ఘోరమైన కఱవు వచ్చి, సుమారు ముప్పది లక్షలమంది మరణించిరి. బ్రిటన్‌లో పసివాని గ్రుడ్డును చెంచాతోఁ గొలిచి యిచ్చిన ప్రభుత్వమే వంగదేశమును కూడ నేలుచుండెను. ధాన్యపు టోడలకొఱకు ఢిల్లీనుండి పోయిన విన్నపములను లండను మంత్రివర్గము చాలభాగము త్రోసివేసినది. పంచిపెట్టు విద్య వారికిఁ దెలియకపోలేదు. ఎవరికిఁ బంచవలెనన్నచోటనే గీఁత గీచికొనిరి.

ఇఁక మన గోదావరి తీరమునకు వత్తము.

నా బాల్యమున మా గ్రామములో గ్రుడ్డునకు వెల యుండెడిది కాని ఖర్చు లేదు. పెరటికోడి కళ్లములోఁ జెదరిన గింజలు, చేటనుండి రాలిన నూకలు, తవుడు, పెంటకుప్పలోని పురుగులు ఏఱుకొని తినెడిది. రాత్రి గంపక్రింద మూయుటయే దానికి జరుగు సేవ. అట్టి నాటుకోడి ఏఁటి కేఁబదియో యఱువదియో పెట్టి, నడుమ పొదుగుటకుఁ గూర్చుండును. ఆ గ్రుడ్లు ఇంటి మగవాని లెక్కలోనికి రావు, ఇల్లాలి లెక్కలోనివి. ఉప్పు, కిరసనాయిలు, పిల్లవాని పలక ఆ గ్రుడ్లతోనే వచ్చెడివి. మా వీధి చివరనున్న ముసలమ్మ తవుడు పోసిన కుండలో గ్రుడ్లు దాఁచి, సంతకుఁ బోవునపుడు చెంబెఁడు నీటిలో నొక్కొక్కటియే వేసి చూచెడిది. మునిఁగినది మంచిది, తేలినది చెడ్డది. ప్రకృతిశాస్త్రపు పాఠమును నేను మొదట విన్నది ఆమెకడనే.

ఆ కోడి పోయి షెడ్డుకోడి వచ్చినది. ఇది ఏఁటికి మున్నూఱుకుఁ బైగా పెట్టును. పేదవాని పళ్లెములోనికి గ్రుడ్డు వచ్చుట దీనివలననే. దీనిని నిందించుట తగదు. కాని యిది పెంటకుప్పలో నేఱుకొనదు. మొక్కజొన్నయు సోయాపిండియు సమకూర్చి పెట్టవలెను. గ్రుడ్డుమీఁద రైతు పెట్టు ఖర్చులో సుమారు మూఁడింట రెండుపాళ్లు దాణాదే. వర్తకుఁడు చెప్పినదే ధరయై, దాణా ఖర్చైనను రాక రైతులు షెడ్లు మూసికొను కాలమున, 1982లో, డాక్టరు బి.వి. రావుగారు రైతులను కూడఁగట్టి జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమును నెలకొల్పిరి. ఏ ప్రాంతమున నేధర యుండవలెనో నాఁటినుండి ఆ సంఘము ప్రకటించుచున్నది. ధర మితిమీఱి తగ్గుటయు గృహస్థునకు మేలుకాదు. ఈ యేఁడు షెడ్డు మూసినచో వచ్చు నేఁడు గ్రుడ్డుండదు.

2021లో సోయాపిండి ధర విపరీతముగాఁ బెరిగి, ఆ యాగస్టులో కేంద్రప్రభుత్వము పండ్రెండు లక్షల టన్నుల దిగుమతికి ననుమతింపవలసి వచ్చినది. 2023 చివర చెఱకురసమునుండి ఇంధనపు సారాయి తీయుటను నియమించిన పిమ్మట, ఆ పని మొక్కజొన్నమీఁదఁ బడినది. ఎగుమతి చేయు మన దేశము 2024లో మొక్కజొన్నను దిగుమతి చేసికొనవలసి వచ్చినది. నాఁడు కోడి గింజకు పోటీ ఓడలో స్థలమున కైనది. నేఁటి పోటీ మోటారుబండి కడుపుతో.

రోగము సంగతి కొంచెము విచిత్రమైనది. 2025 ఫిబ్రవరిలో మా తణుకు ప్రాంతపు వేల్పూరులోను, పెరవలి మండలపు కానూరు అగ్రహారములోను పక్షిజ్వరము బయటపడినది. కోళ్లను వేలకొలఁదిఁ జంపి పూడ్చిరి. జనులు భయపడి కోడిమాంసము ముట్టుట మానిరి. వెల పడిపోయి రైతు రెండువిధముల నష్టపడెను. అదే రోగము అమెరికాలో గ్రుడ్లు పెట్టు కోళ్లను కోట్లకొలఁదిఁ దీసికొనిపోఁగా, 2025 మార్చిలో డజను గ్రుడ్ల సగటు వెల 6 డాలర్ల 23 సెంట్లకు చేరినది. అంగళ్లలో మనిషికిన్ని డజన్లేయని పలకలు కట్టిరి. కొందఱు పెరటిలో కోళ్లను పెంచసాగిరి. అద్దెకుఁ దెచ్చుకొన్నవారును కలరఁట.

మా జిల్లాలో గ్రుడ్డు సాధారణముగా కార్తికమాసమున నణఁగియుండి, చలి ముదిరి ఉత్తరదేశమున గిరాకి పెరిగినకొలఁది లేచును. అప్పుడు మన యిండ్లలో నేమి చేయుదురో మా వీధిలోని యాఁడువారి నడిగి తెలిసికొంటిని. ఉడికించిన గ్రుడ్డును నిండుగా వేయక, దారముతో రెండుగాఁ గోసి పులుసులో వేయుదురు. పొరటు చేయునపుడు గ్రుడ్లు తగ్గించి, ఉల్లిపాయలు హెచ్చించి, చారెఁడు సెనగపిండి కలుపుదురు. అట్టలు దింపుచోట పెంకు బీటలువాఱిన గ్రుడ్లను తక్కువకుఁ గొని, ఆ పూటకే వండివేయుదురు. అయిదుగురికి మూఁడు గ్రుడ్లు వండినప్పుడు సగము సగముగా ఆఱు ముక్కలగును గదా, ఆ యాఱవ ముక్క యెవరిదని యొకామె నడిగితిని. "ఆయనకు రెండండి" అన్నది. "మఱి నీకు?" అంటిని. కొంచెము సేపూరకుండి, పిల్లలలో నొకఁడు తన ముక్క చాలలేదన్న దినమున తనకుఁ బులుసే మిగులునని చెప్పినది.

బ్రిటన్‌లో గ్రుడ్డు కొఱతపడినపుడు పెద్దవాని గ్రుడ్డు ముందు తగ్గినది, పసివాని గ్రుడ్డు చివరఁ దగ్గినది. పంపకమును ధరకే విడిచిపెట్టినచో నీ వరుస తలక్రిందగును. నేను పనిచేసిన యొకానొక పాఠశాలలో నట్టి దొకటి చూచితిని. పిల్లవానికింతయని కట్టిన సొమ్ము మాఱలేదు. డిసెంబరులో గ్రుడ్డు వెల మాఱినది. వంట చేయు నాఁడువారు కొన్ని వారములు అంగడిలో నప్పు పెట్టి తెచ్చిరి. తరువాత నంగడివాఁ డియ్యలేదు. ఒక దినమున అన్నమును పప్పును మాత్రమే వచ్చినవి. "నేనేం చెయ్యనండి, మేస్టారూ, పాతబాకీ కట్టందే ఇవ్వనన్నాడండి" అని వంటామె నాతో మెల్లగాఁ జెప్పినది.

వెనుకఁ జెప్పిన పిల్లవాఁడు వరుసలోఁ దన పళ్లెముతో నిలువఁబడియున్నాఁడు. పప్పు గిన్నెవెనుక నింకొక గిన్నె యున్నదేమో యని తొంగిచూచెను. తరువాత నావైపు తిరిగి, "రేపొస్తాయాండి?" అన్నాఁడు. వచ్చునని చెప్పితిని. మఱునాఁడు రాలేదు. ఎనిమిది దినములకు వచ్చినవి. వాఁడు తన గ్రుడ్డును చొక్కాఅంచుతోఁ దుడిచి, మునుపటివలెనే జేబులో వేసికొనెను.